పాత సంచికలో అక్షరాలు ఏమయ్యాయి?

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని కమిటీ తమ్ముళ్లు అడిగినప్పుడు ఏం రాయాలో మొదట తోచలేదు. చివరికి వాళ్లే నాకు విషయం తెచ్చిపెట్టారు.

పాత సంచికల్లోంచి నాలుగైదు పేజీలు మళ్లీ వేద్దామని వాళ్లు స్టోర్ రూమ్ బీరువా వెతికారట. 2004 సంచిక ఒకే ఒక్క కాపీ దొరికింది. సగం పేజీలు చెదలు తినేశాయి. అదృష్టం కొద్దీ వెనక అట్టకు అంటించిన కవరులో సీడీ ఉంది. ఒక తమ్ముడు దాన్ని నెట్ సెంటర్‌కి తీసుకెళ్లి పెట్టి చూశాడు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక వార్డెన్ సార్ ఫోన్ నుంచి నాకు చేశాడు.

“అన్నా, పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకోలేదు. వర్డ్ ఫైలు తెరుచుకుంది గానీ అందులో తెలుగే లేదు. డాలర్ గుర్తులు, కామాలు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య కాపీరైట్ గుర్తు. వైరస్ పట్టిందా?”

వైరస్ కాదు. ఆ ఫైలు 2004లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఆ సంగతి నాకు తెలియడానికి కారణం, ఆ ఏడాది పదో తరగతిలో ఉండి, డీటీపీ సెంటర్లో ఆపరేటర్ అన్న పక్కన మూడు సాయంత్రాలు కూర్చుని ప్రూఫులు దిద్దింది నేనే. తమ్ముడి ఫోన్ సంగతి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండు రోజులు పెద్ద చర్చ జరిగింది. “అప్పుడే యూనికోడ్‌లో చేయించాల్సింది” అని ఒక అన్న అంటే, ఇప్పటికీ డీటీపీ సెంటర్ నడుపుతున్న మా బ్యాచ్ మిత్రుడికి కోపం వచ్చింది. ఆ రెండు రోజులూ ముక్కలు ముక్కలుగా చెప్పిన దాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మన హాస్టల్లో ప్రతి ప్లేటు మీదా పెయింటుతో నంబరు ఉంటుంది కదా. 65వ నంబరు ప్లేటు అంటే ఎవరిదో మనకు తెలుసు. ఇప్పుడు మన హాజరు పట్టీలోంచి పేర్లు తీసేసి, నంబర్లు మాత్రమే రాసి పక్క ఊరి హాస్టల్‌కి పంపామనుకోండి. అక్కడి వార్డెన్ గారు 65 అని పిలిస్తే వాళ్ల 65వ నంబరు కుర్రాడు లేచి నిలబడతాడు. నంబరు తప్పు కాదు, కుర్రాడూ తప్పు కాదు. రిజిస్టరు మారింది, అంతే.

కంప్యూటరు లోపల అక్షరాలు ఉండవు, నంబర్లే ఉంటాయి. 1963లో అమెరికాలో తయారైన ఆస్కీ అనే పట్టికలో మొత్తం 128 నంబర్లు. ఇంగ్లీషు పెద్ద ‘ఎ’కి 65 ఇచ్చారు. చిన్న ‘ఎ’కి తరవాత 97 దక్కింది. అందులో మన అక్షరాలకు చోటు లేదు. తరవాతి రోజుల్లో ఒక ఫాంటులో 256 దాకా గదులు వచ్చాయి. మన డీటీపీ ఫాంట్లు తయారు చేసినవాళ్లు ఆ గదుల్లో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టారు. అక్షరాలు కాదు, ముక్కలు. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, ఒక్కో వత్తు ఒక్కో గదిలో. గుణింతాలూ వత్తులూ అన్నీ కలిపి పూర్తి అక్షరాలుగా పెట్టాలంటే 256 గదులు ఏ మూలకూ చాలవు మరి. ఆ ముక్కల్ని పక్కపక్కన, పైనా కిందా పేర్చితే కాగితం మీద ‘క్షేమం’ అని కనిపిస్తుంది. కంప్యూటరు దృష్టిలో మాత్రం అది ఏదో అర్థం లేని ఇంగ్లీషు మాట.

పైగా ఏ ముక్క ఏ గదిలో పెట్టాలన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంతంగా నిర్ణయించుకుంది. అను, శ్రీలిపి వంటి పేర్లు డీటీపీ పని తెలిసినవాళ్లందరికీ పరిచయమే. ఒకదాని రిజిస్టరు ఇంకోదానికి పనికిరాదు. నెట్ సెంటర్ కంప్యూటర్లో 2004 నాటి మన ఫాంటు లేదు కాబట్టి, అది తనకు తెలిసిన ఇంగ్లీషు రిజిస్టరు తీసి హాజరు పిలిచింది. తమ్ముడికి కనిపించిన డాలర్లూ చుక్కలూ అవే.

దీనికి విరుగుడుగా వచ్చిందే యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒకటే రిజిస్టరు. మొదటి కూర్పు 1991 అక్టోబరులో వచ్చింది, అందులోనే తెలుగు ఉంది. తెలుగుకు ఇచ్చిన నంబర్లు 3072 నుంచి 3199 దాకా. ‘అ’కు 3077, ‘క’కు 3093. ఒకసారి ఇచ్చిన నంబరును ఇక మార్చకూడదు, తీసెయ్యకూడదు అన్న నియమం పెట్టుకున్నారు. మన దేశంలో అంతకు ముందే భారతీయ భాషల కోసం ఇస్కీ అనే పట్టిక తయారైంది. యూనికోడ్ వాళ్లు మన లిపుల వరసను దాన్నుంచే తీసుకున్నారు. అందుకే ఒక తమాషా చూడండి. హిందీ ‘క’ నంబరు 2325. దానికి 768 కలిపితే 3093, మన ‘క’. ఇంకో 128 కలిపితే 3221, కన్నడ ‘క’. ‘త’తో చేసినా అంతే. లెక్కలంటే ఇష్టమున్న తమ్ముళ్లు మిగతా అక్షరాలతో చేసి చూడండి.

యూనికోడ్‌లో ముక్కలు దాచరు. మనం పలికే వరసలో అక్షరాల్ని దాస్తారు. ‘స్త్రీ’ అని రాస్తే లోపల ఆరు నంబర్లు పడతాయి: 3128, 3149, 3108, 3149, 3120, 3136. అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. తకారం వత్తు ఎక్కడ పెట్టాలి, రకారం వత్తు ఎటు తిప్పాలి అన్నది తెరమీద చూపించేటప్పుడు సాఫ్ట్‌వేరూ ఫాంటూ కలిసి చూసుకుంటాయి. ఫాంటు మారిస్తే అందం మారుతుంది గానీ మాట మారదు.

మరి 1991లోనే అంత మంచిది వస్తే 2004లో మనమెందుకు వాడలేదు? మా మిత్రుడి కోపం ఇక్కడే. అతని మాటలో చాలా న్యాయం ఉంది. నంబర్లు ఇచ్చినంత మాత్రాన పేజీ తయారవదు. వాటిని కూర్చే సాఫ్ట్‌వేరు కావాలి. విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్‌పీతో, గౌతమి అనే ఒకే ఒక్క ఫాంటుతో వచ్చింది. అది కూడా సీడీ పెట్టి విడిగా ఎక్కించుకుంటేనే. ఊళ్లలో డీటీపీ పని అంతా పేజ్‌మేకర్‌లో నడిచేది. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి కూర్పు. దానికి యూనికోడ్ తెలుగు రాదు. దాని తరవాతి తరం ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగ్గా కూర్చే ఏర్పాటు 2012లో సీఎస్6తో గానీ రాలేదు. అప్పటికి డీటీపీ ఫాంట్లలో పెళ్లి కార్డుకు ఒక రకం, వాల్‌పోస్టర్‌కి ఒక రకం, శ్రద్ధాంజలికి ఒక రకం ఉన్నాయి. యూనికోడ్‌లో చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండేవి.

“కాగితం నన్ను ఎప్పుడూ నంబర్లు అడగలేదు” అన్నాడతను గ్రూపులో. నిజమే. అచ్చయ్యేదాకా రెండూ ఒకటే. పదో తరగతి తప్పి ఇంటికి వెళ్లలేక, ఆపిల్ కీబోర్డు నేర్చుకుని ఆ ఫాంట్ల మీదే ఇల్లు నిలబెట్టుకున్నవాళ్లు మన హాస్టల్ వాళ్లే కనీసం నలుగురు నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

కానీ తేడా అచ్చయ్యాక తెలుస్తుంది. ముక్కలతో చేసిన ఫైల్లో మన ఊరి పేరు వెతికితే దొరకదు. పీడీఎఫ్ చేసి దాచాం కదా అనుకుంటాం. దాన్లోంచి ఒక పేరా కాపీ చేసి పెడితే మళ్లీ డాలర్లే వస్తాయి. చూపు లేని తమ్ముడు కంప్యూటరు చేత చదివించుకుందామంటే అది ఆ పిచ్చి గుర్తుల్నే చదువుతుంది. 2000ల మొదట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. అందువల్ల అంత తెలుగు రోజూ నెట్‌లో పడుతున్నా వెతికితే దొరికేది కాదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అనే పనిముట్టు తయారు చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిందీ ఆయనే.

యూనికోడ్ వచ్చింది కాబట్టి కష్టాలన్నీ తీరాయని కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక వార్త మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక తెలుగు అక్షరం మెసేజీలో వస్తే చాలు ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలిపోయేది. ఆ అక్షరం ‘జ్ఞా’. మామూలు ‘జ్ఞా’ కాదు. మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన రూపం. దాన్ని ఎలా కూర్చాలో తెలియక సాఫ్ట్‌వేరు ఆగిపోయింది. కొద్ది రోజుల్లోనే ఆపిల్ వాళ్లు 11.2.6 కూర్పుతో సరిచేశారు. అప్పుడు కొంతమంది “తెలుగు లిపి అంత క్లిష్టం మరి” అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. వందల ఏళ్లుగా తాటాకు మీద గంటంతో రాసిన అక్షరం క్లిష్టమైంది కాదు, దాన్ని సరిగ్గా పరీక్షించకుండా వదిలిన సాఫ్ట్‌వేరుది లోపం. రిజిస్టరు కూడా ఇంకా నిండుతూనే ఉంది. పాత లెక్కల్లో వాడిన తెలుగు భిన్నాల గుర్తులు 2008లో చేరాయి. నకార పొల్లు అయితే 2021లో చేరింది.

గ్రూపులో ఇంకో తగువు కూడా నడిచింది, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం గురించి. చాలామంది అన్నలకు అదే అలవాటు. ఒకప్పుడు దానికి కారణం ఉంది. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పట్టేవి, తెలుగులో పంపితే 70 మాత్రమే. గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కే కాబట్టి ‘స్త్రీ’ ఒక్కటే ఆరు తినేస్తుంది. రూపాయి రూపాయి చూసుకునే రోజుల్లో తెలుగులో ఎవరు పంపుతారు? ఇప్పుడు ఆ లెక్క లేదు. ఒక అన్న మొన్న ‘పాత పాట’ ఒకటి పెట్టాడు. ఇంగ్లీషులో ఆయన రాసిన తీరుకు ఒకే మాట రెండుసార్లు పడింది. పాట పాట అనుకోవాలా, పాత పాత అనుకోవాలా? కీబోర్డు దగ్గర మాత్రం కొట్లాట అనవసరం. ఇన్‌స్క్రిప్ట్ అయినా, ఇంగ్లీషులో కొడితే తెలుగు పడే లేఖిని లాంటివి అయినా, ఫోన్లో మాటతో చెప్పినా, లోపల పడే నంబరు ఒక్కటే.

ఇక మన 2004 సంచిక సంగతి. కోపం తగ్గాక మా మిత్రుడే ముందుకొచ్చాడు. తన దగ్గర మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లో ఆ ఫాంటు ఇంకా ఉంది. అందులో ఫైలు తెరిస్తే అక్షరాలు లేచి నిలబడ్డాయి. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాడు. వత్తులు కొన్ని చోట్లు మారాయి, ‘ర’ వత్తులు పక్క అక్షరానికి అతుక్కున్నాయి. వాటిని తమ్ముళ్లూ నేనూ కూర్చుని దిద్దాం. చెదలు తినని పేజీలతో పోల్చి చూసుకున్నాం. ఈసారి సంచికకు వచ్చిన రచనలు కూడా ఫోన్లో కొట్టినవి కొట్టినట్టు యూనికోడ్‌లో ఒక కాపీ విడిగా దాచమని, తరవాతే ప్రెస్సు ఫాంటులోకి మార్చమని కమిటీకి చెప్పాను. అలాగే చేశారు.

ఒక్క చోట మాత్రం ఓడిపోయాం. 2004 సంచికలో ఏడో తరగతి కుర్రాడు రాసిన చిన్న కవిత ఉంది. శనివారం అమ్మ జంతికలు తెచ్చి ఇచ్చి, బస్సు చార్జీ మిగులుతుందని నడిచి వెళ్లిపోవడం గురించి. కవిత మొత్తం దక్కింది. రాసినవాడి పేరు మాత్రం అందంగా ఉంటుందని అప్పట్లో వేరే పూల ఫాంటులో పెట్టారు. ఆ ఫాంటు పేరేమిటో ఆపరేటర్ అన్నకు గుర్తు లేదు, మా మిత్రుడి దగ్గరా లేదు. అచ్చుప్రతిలో ఆ మూల చెదలు తినేశాయి. ఫైల్లో ఏడు గుర్తులు మిగిలాయి. రెండోదీ ఐదోదీ ఒకటే గుర్తు. అంతకు మించి ఏమీ తేలలేదు. 2004లో ఏడో తరగతి అంటే ఆ తమ్ముడికి ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి.

ఆ కవితను ఈ సంచికలో మళ్లీ వేశాం. కింద పేరు చోటు ఖాళీగా ఉంది. ఆ బ్యాచ్ వాళ్లెవరికైనా అది ఎవరిదో గుర్తుంటే వార్డెన్ సార్‌కి గానీ కమిటీ తమ్ముళ్లకు గానీ తెలియజేయండి.

— పూర్వ విద్యార్థి, 2004 పదో తరగతి బ్యాచ్