లక్షల రెట్లు ఒత్తినా ఆగని కరెంటు

మన ఎల్దుర్తి నుంచే ఈ ఎపిసోడ్. మొన్న ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, సూపర్‌కండక్టర్‌ను గట్టిగ ఒత్తితే ఏమైతది?" మంచి ప్రశ్న.

మా నాన్నకు నడుము ఎమ్మారై తీయించనీకి పట్నం పోయినం. ఆ మిషన్‌లో అయస్కాంతం చుట్ట నియోబియం-టైటానియం తీగతో ఉంటది. ద్రవ హీలియంలో దాదాపు 4 కెల్విన్, అంటే మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచితే ఆ తీగలో కరెంటుకు అడ్డే ఉండదు. హీలియం ఖరీదు ఎక్కువ. అంత చల్లదనం అక్కర్లేని తీగ దొరికితే ఖర్చు తగ్గుతది. అందుకే ఈ ప్రశ్న మనదే.

సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. జంట కట్టించేది పరమాణువుల కంపనం. సీసం, తగరం లాంటి శుద్ధ లోహాలను ఒత్తితే పరమాణువుల మధ్య పట్టు స్ప్రింగు లెక్క బిగుస్తది. జంట బలహీనమవుతది. ఇంకా చల్లబరచాల్సి వస్తుంది.

ఇప్పుడు గజిబిజి పదార్థం చూద్దాం. నవధాన్యాలు కలిపి సాళ్లలో విత్తినట్టు అనుకోండి. సాళ్లు సరిగ్గానే ఉంటయి, ఏ గుంటలో ఏ గింజ పడిందో లెక్క ఉండదు. టాంటలం, నియోబియం, హాఫ్నియం, జిర్కోనియం, టైటానియం కలిపిన మిశ్రమం అట్లాంటిదే. ఇందులోని జిర్కోనియంను మన హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీలో అణు రియాక్టర్ల కోసం తయారుచేస్తారు.

2017లో ఈ మిశ్రమాన్ని రెండు వజ్రాల మొనల మధ్య పెట్టి ఒత్తారు. మామూలుగా అది సుమారు 7.7 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుంది. వాతావరణ పీడనానికి 6 లక్షల రెట్లు ఒత్తితే అది 10 కెల్విన్‌కు పెరిగింది. 19 లక్షల రెట్ల దగ్గర కూడా 9 కెల్విన్ నిలిచింది! సాళ్ల అమరిక కూడా చెదరలేదు.

ఎమ్మారై తీగ సంగతేంది? 2019లో నియోబియం-టైటానియంను 26 లక్షల రెట్లు ఒత్తితే 9.6 నుంచి 19.1 కెల్విన్‌కు చేరింది. దాదాపు రెట్టింపు.

గజిబిజి ఉంటే జంటలు చెదరవా? అయస్కాంత గుణం లేని గజిబిజి జంటలను పెద్దగా విడదీయదని ఫిలిప్ ఆండర్సన్ 1959లోనే వివరించిండు.

అయితే రేపే ఎమ్మారై చవక కాదండి. ఒత్తింది వెంట్రుక మందమంత ముక్కను. మైళ్ల కొద్దీ తీగను అట్ల ఒత్తి ఉంచలేం. కానీ పరమాణువులు దగ్గరైతే ఏమైతదో తెలిసింది కదా, ఒత్తకుండనే అదే ఫలితం ఇచ్చే మిశ్రమం కోసం వెతకొచ్చు.