దారి చెప్పేవాడు తప్పుకుంటే...

గత వేసవిలో ఒక రాత్రి. మా అమ్మాయి ఎం.ఏ. దరఖాస్తుకు గడువు పన్నెండింటితో సరి. అప్పటికి తొమ్మిదిన్నర అయింది. తక్కిన వెబ్‌సైట్లన్నీ తెరుచుకుంటున్నై, కావలసినదొక్కటే కనబడనంటున్నది! పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా ఆవిడ వెంకన్నకు మొక్కుకుంది. తెలుగు మేష్టర్ని గనక నేను కంప్యూటరును రెండుసార్లు ఆర్పి వెలిగించాను. నా విద్య అంతటితో సరి. ఇంతలో పక్కవాటా కుర్రవాడు వచ్చి, సెట్టింగుల్లో ఏవో అంకెలు తీసేసి 8.8.8.8 అని వేశాడు. పేజీ టక్కున తెరుచుకుంది.

ఇందులో మంత్రమేమీ లేదు. కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతోనే గుర్తుపడతాయి. మనం పేరు కొట్టగానే, ఆ పేరుగలవాని అంకె ఏదని మన యంత్రం ఒక సర్వరును అడుగుతుంది. బస్సు దిగినవాడు కిళ్ళీకొట్టు దగ్గర ఆగి, ప్లీడరుగారి ఇల్లెక్కడని అడగటం లాంటిదే. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన ఈ ఏర్పాటును డి.ఎన్.ఎస్. అంటారు. మామూలుగా మనం అడిగేది ఇంటర్నెట్టు కనెక్షనిచ్చిన కంపెనీ సర్వరునే. అది పడకేస్తే ప్లీడరుగారు ఇంట్లోనే వున్నా మనకు దారి తెలియదు. అప్పుడు ఇంకొకణ్ణి అడగాలి. గూగుల్ 2009లో 8.8.8.8నీ, క్లౌడ్‌ఫ్లేర్ 2018లో 1.1.1.1నీ ఇందుకే ఉచితంగా పెట్టాయి.

2014 మార్చిలో టర్కీ ప్రభుత్వం ట్విట్టరును నిషేధించినపుడు, మొదట దారి చెప్పేవాడి నోరే నొక్కింది. జనం ఊరుకుంటారా? ఇస్తాంబుల్ గోడలమీద 8.8.8.8 అని రాసిపెట్టారు! రెండు మూడు రోజుల్లో ట్విట్టరు అంకెలకే అడ్డుగోడ కట్టారు. ఈ ఉపాయం చెల్లలేదు. చివరకు అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కలగజేసుకున్నాకే, ఏప్రిల్ 3న తలుపు తీశారు.

కనుక ఇది సర్వరోగనివారిణి కాదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ తన తప్పిదంవల్ల తానే సుమారు ఆరు గంటలు మాయమైతే, ఎవరిని అడిగినా జాడ చెప్పలేకపోయారు. మరొక మాట: మనం ఎవరింటికి పోతున్నామో దారి చెప్పేవాడికి తెలిసిపోతుంది. అందుచేత నమ్మదగినవాణ్ణే అడగాలి.

పదీముప్పావుకు దరఖాస్తు వెళ్ళింది. కుర్రవాడు కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మా ఆవిడ మాత్రం మొక్కు మానలేదు. ఆ అంకెల్ని క్యాలెండరుమీద, గ్యాసువాడి నంబరు పక్కనే రాసిపెట్టింది.