గడ్డిచామంతి.. వయ్యారిభామ: తేడా పోల్చగలరా?

పిల్లలూ! వానలు పడగానే మన అత్తిబెలెలో బడి గోడల వారన, రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో తెల్లపూల మొక్కలు గుంపులుగా లేస్తాయి. వాటిలో రెండింటిని తప్పక గుర్తుపట్టాలి. ఒకటి గడ్డిచామంతి. రెండోది వయ్యారిభామ. కన్నడంలో మీ స్నేహితులు ‘కాంగ్రెస్ గిడ’ అనేది దీన్నే. మొదటిదానితో ఆడుకోవచ్చు, రెండోదాన్ని ముట్టకూడదు.

ఒకే కుటుంబం

ఇవి రెండూ పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినవే. రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. వయ్యారిభామను 1955లో పుణెలో గుర్తించారు. తర్వాత అది దేశమంతటా పాకింది.

పోల్చడం ఇలా

గడ్డిచామంతి నేలమీద పాకుతుంది. ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది. పొడవాటి కాడ చివర ఒక్కటే పువ్వు పూస్తుంది. మధ్యలో పసుపు, చుట్టూ లేత తెలుపు రేకులు. కాడ పట్టుకుని చిటికెతో పూల తల ఎగరగొట్టే ఆట మీకు తెలిసే ఉంటుంది. సీతాకోకచిలుకలు దీని తేనె కోసం వస్తాయి. పల్లెల్లో పెద్దలు దెబ్బ తగిలితే ఈ ఆకు రసం పిండేవారు.

వయ్యారిభామ నిటారుగా, కొమ్మలు వేస్తూ మీటరు దాటి పెరుగుతుంది. ఆకులు క్యారెట్ ఆకుల్లా చీలి ఉంటాయి. కొమ్మల చివర చిన్న చిన్న తెల్లపూలు గుత్తులుగా ఉంటాయి. పూయకముందు ఆకులు నేలకు పరుచుకుని ఉంటాయి కాబట్టి ఆకు చీలికలే గుర్తు.

ఎందుకు ముట్టకూడదు?

వయ్యారిభామ తగిలితే కొందరికి చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసం వస్తాయి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పంటను, పశువుల మేతను అణిచేస్తుంది.

దీన్ని తినే పెంకుపురుగును మెక్సికో నుంచి తెప్పించి, 1984లో మన బెంగళూరులోనే మొదట వదిలారు. లేత పసుపు వీపుపై ముదురు గీతలున్న ఈ పురుగు వానాకాలంలో వయ్యారిభామ ఆకుల్ని కొరికేస్తుంది. కనిపిస్తే చంపకండి.

మీరేం చేయాలి?

ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామపై అవగాహన వారం జరుపుతారు. ఆలోగా మీ బడి ఆవరణ చుట్టూ చూడండి. చేత్తో పీకకండి. ఎక్కడుందో ఉపాధ్యాయులకు చూపించండి. పెద్దలు చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పూత రాకముందే వేళ్లతో సహా పీకించాలి. పొరపాటున ముట్టుకుంటే వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి.

గడ్డిచామంతిని మాత్రం సీతాకోకచిలుకల కోసం ఉండనివ్వండి.