నేలపట్టు - పులికాట్

ఆంధ్రతీరమునకు దక్షిణపు కొనయందు సూళ్ళూరుపేట పట్టణము కలదు. దానికి ఉత్తరమున నేలపట్టు చెరువును, తూర్పున పులికాట్ సరస్సును ఉన్నవి. ఈశాన్య ఋతుపవనముల వలన వానలు కురిసి చెరువు నిండగనే ఇచ్చటికి పక్షులు గుంపులుగా వచ్చి చేరును.

శీతకాలమున ఒకనాటి వేకువను నేలపట్టు చెరువుగట్టుపై నిలిచి చూడుడు. మొదళ్ళు నీట మునిగిన చెట్లపై వందలకొలది గూళ్ళు కనబడును. అవి గూడబాతులవి. నత్తగుల్ల కొంగలును, నీటికాకులును వాని ఇరుగుపొరుగులు. చుట్టును నీరుండుటచే నక్కలు, పిల్లులు ఆ గూళ్ళను సమీపింపజాలవు. అందుచేతనే పక్షులు ఈ తావును ఎన్నుకొన్నవి. గూడబాతులు విదేశములనుండి వచ్చునవని పలువురు తలంతురు. అది పొరపాటు. అవి మన దేశపు పక్షులే. నీటిని వెదకికొనుచు ఒక చోటినుండి మరియొక చోటికి పోవుచుండును.

అయితే ఇన్ని పిల్లలకు ఈ చిన్న చెరువు చేపలు చాలునా? చాలవు. తల్లిపక్షులు పులికాటునకు ఎగిరిపోయి, చేపలు పట్టి తెచ్చి పిల్లలను పోషించును. పులికాటులో సముద్రపు ఉప్పునీరు, కాళంగి, ఆరణి నదుల మంచినీరు కలియుటచే చేపలు, రొయ్యలు సమృద్ధిగా పెరుగును. తక్కువ లోతుగల చోట్ల ఫ్లెమింగోలు ముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచి, సూక్ష్మజీవులను వడగట్టి తినును. ఆ ఆహారములోని వర్ణద్రవ్యమే వాని రెక్కలకు గులాబిరంగు నిచ్చుచున్నది. ఉత్తరాసియానుండి సూదితోక బాతులును ఇచ్చటికి వచ్చును.

నేలపట్టు 1976లో పక్షి సంరక్షణ కేంద్రమైనది. కాని అంతకు ముందునుండియు గ్రామస్థులు పక్షులను కాపాడుచునే యుండిరి. రెట్టలు కలిసిన చెరువునీరు తమ పైరులకు ఎరువగునని వారికి తెలియును.

ఈ రెండు తావులును ఒకదానిపై ఒకటి ఆధారపడియున్నవి. ఇసుక మేటవేసి పులికాటునకు సముద్రపునీరు వచ్చు ముఖద్వారములు పూడినచో సరస్సు మెరకయగును, చేపలు తగ్గును. అప్పుడు బెస్తవారికి జీవనము కఱవగును; నేలపట్టు గూళ్ళలోని పిల్లలు ఆకలిగొనును.

చూడబోవువారు కేకలు వేయరాదు, రాళ్ళు విసరరాదు. బెదరిన తల్లి గూడు విడిచినచో, కాకి గ్రుడ్లను ఎత్తుకొనిపోవును. ఈకలు రాని పిల్ల ఎండకు మాడిపోవును. మన క్షణకాలపు వినోదమునకు ఒక ప్రాణము బలికారాదు. గట్టుపై మౌనముగా నిలిచి చూచుటయే ఆ అతిథులకు మనము చేయగల మర్యాద.