మెడలోని మేస్త్రీ

ఎముక అంటే రాయిలాంటిది అనుకుంటాం. ఒకసారి పెరిగితే ఇక మారదు అనుకుంటాం. అది నిజం కాదు. ఎముకకు ప్రాణం వుంది. అందులో పని ఎప్పుడూ జరుగుతూనే వుంటుంది.

మట్టిగోడను చూడండి. పెచ్చులు ఊడిన చోట పాత మట్టి గీకేస్తాం. కొత్త మట్టి మెత్తుతాం. ఎముకలోనూ ఇదే పని. కొన్ని కణాలు పాత ఎముకను తొలిచి తీసేస్తాయి. మరికొన్ని కణాలు ఆ గుంటలో కొత్త ఎముకను నింపుతాయి. తీసినంతా నింపితే ఎముక గట్టిగా వుంటుంది.

మరి, ఈ పని ఎంత వేగంగా జరగాలో చెప్పేది ఎవరు?

మెడ ముందు భాగంలో ఒక గ్రంథి వుంది. సీతాకోకచిలుక ఆకారంలో వుంటుంది. దాని పేరు థైరాయిడ్. అది థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఒంట్లో జరిగే పనులకు అదే మేస్త్రీ. గుండె, పేగులు, కండలు, ఎముకలు అన్నీ దాని మాట వింటాయి.

మేస్త్రీ మందగిస్తే?

థైరాక్సిన్ చాలకపోతే ఒంట్లో అన్ని పనులూ నెమ్మదిస్తాయి. ఎప్పుడూ నీరసం. అందరికంటే ఎక్కువ చలి. బరువు పెరగడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, ముట్టు ఎక్కువగా కావడం. కండరాల నొప్పులు, కీళ్ళు పట్టేయడం. ఈ జబ్బు ఆడవాళ్ళలోనే ఎక్కువ. "వయసు మీద పడింది, అంతే" అని చాలామంది సరిపెట్టుకుంటారు.

ఎముకల్లో కూడా మరమ్మతు మందగిస్తుంది. పాతది తీయడం ఆలస్యం. కొత్తది నింపడం ఆలస్యం.

పిల్లలకైతే నష్టం ఇంకా పెద్దది. ఎముకలు సాగవు. బిడ్డ పొట్టిగా వుండిపోతుంది. పుట్టుకతోనే ఈ లోపం వుంటే మెదడు కూడా సరిగా ఎదగదు. పసిబిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేస్తే లోపం తెలుస్తుంది. మొదటి వారాల్లోనే మందు మొదలుపెడితే ఈ నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు.

పెద్దవాళ్ళకు టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష చేస్తారు. లోపం వుంటే రోజుకు ఒక చిన్న మాత్ర ఇస్తారు.

మాత్ర ఎక్కువైతే?

"ఒక మాత్రకే ఇంత ఓపిక వచ్చింది. రెండు వేసుకుంటే ఇంకా మంచిది కదా!" అని కొందరు అనుకుంటారు. బరువు తగ్గాలని కొందరు ఎక్కువ మింగుతారు. ఇది చాలా ప్రమాదం. మేస్త్రీ తొందర పెడితే ఏమవుతుంది? గోడ తవ్వేవాళ్ళు ముందుకు పోతారు. కట్టేవాళ్ళు వాళ్ళను అందుకోలేరు. ఎముక గుల్లబారుతుంది. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళకు ఈ ముప్పు మరీ ఎక్కువ. చిన్నగా జారిపడినా తుంటి ఎముక విరగవచ్చు.

ఆ భయంతో మాత్ర మానెయ్యడం కూడా తప్పే. తక్కువా వద్దు, ఎక్కువా వద్దు. డాక్టరు చెప్పినంతే వేసుకోవాలి.

మనం ఏం చెయ్యాలి?

- మాత్రను పొద్దున్నే పరగడుపున నీళ్ళతో మింగాలి. అరగంట నుంచి గంట దాకా టీ, టిఫిను వద్దు.
- కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర దానితో కలిపి వేసుకోకూడదు. నాలుగు గంటలు ఎడం వుండాలి.
- డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ రక్తపరీక్ష చేయించుకోవాలి.
- గర్భిణి అయితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మందు పెంచాల్సి రావచ్చు.
- పాలు, పెరుగు, రాగులు, నువ్వులు ఎముకకు బలం. ఒంటికి ఎండ తగలాలి. రోజూ నడవాలి.
- థైరాక్సిన్ తయారు కావాలంటే అయొడిన్ కావాలి. అందుకే అయొడిన్ ఉప్పు వాడాలి. తినడానికి అయొడిన్ లేని ఉప్పు అమ్మకూడదని 2006 నుంచి మన దేశంలో నిషేధం వుంది. ఉప్పు డబ్బాకు మూత పెట్టి వుంచండి.

ఉప్పుతోనే జబ్బు నయమవుతుందని మాత్రం మాత్ర ఆపకండి.

ఆలోచించండి, చెప్పండి

1. ఎముకలో ఏ రెండు పనులు జరుగుతుంటాయి?
2. మాత్ర ఎక్కువైతే ఎముక ఎందుకు గుల్లబారుతుంది?
3. మీ ఇంట్లో ఎప్పుడూ నీరసం, చలి అనేవాళ్ళు వున్నారా? వాళ్ళకు పరీక్ష చేయించారా?