నెట్‌వర్కు తీగె కొనబోవు ముందు

మన సహకార సంఘములలో నేడు జమాఖర్చులు, ఆర్డర్లు, జకార్డు డిజైన్లు అన్నియు కంప్యూటరు మీదికి వచ్చినవి. షోలాపురము, భీవండి వంటి చోట్ల ముందుగది కార్యాలయముగా, వెనుకభాగము మగ్గముల శాలగా ఉన్న ఇండ్లు మనవారికి గలవు. అట్టి ఇండ్లలో వైఫై రెండు గోడలు దాటుసరికి నీరసించును. అందుచేత తీగె వేయింపదలచువారికి ఈ నాలుగు మాటలు.

పురి సంగతి: ఈ తీగెలో ఎనిమిది సన్నని రాగి పోగులు, రెండేసి చొప్పున నాలుగు జంటలుగా పురిపెట్టి యుండును. పురి చాలని నూలు మగ్గము మీద తెగును. పురి చెడిన తీగెలో బయటి విద్యుత్తు అలజడి చొరబడి సమాచారము చెడును. కనుక కొనలకు బిరడా బిగించునపుడు అర అంగుళమునకు మించి పురి విప్పరాదు.

నెంబరు సంగతి: నూలుకు నెంబరు ఉన్నట్లే దీనికి కేటగిరి కలదు. 5ఇ రకము 100 మీటర్ల వరకు సెకనుకు 1 గిగాబిట్టు మోయును. 6వ రకము 55 మీటర్ల లోపు 10 గిగాబిట్లు మోయగలదు. 6ఏ రకము ఆ పనినే 100 మీటర్ల వరకు చేయును గాని, లావెక్కువ, ధర ఎక్కువ. ఇంటికి 5ఇ చాలును. గోడ చెక్కి కొత్తగా వేయించు కార్యాలయమునకు 6వ రకము మేలు. ఏది వేసినను కూలి యించుమించు ఒక్కటే గదా!

కల్తీ సంగతి: అన్నిటికంటె ముఖ్యమిది. అల్యూమినియము మీద రాగి పూత పూసిన తీగె బజారులో చౌకగా దొరకును. దానిపై సి.సి.ఏ. అను అక్షరములు ఒక్కొక్కప్పుడు ఉండును, ఒక్కొక్కప్పుడు ఉండవు. అది వంచిన చోట విరుగును. తీగె ద్వారానే కరెంటు తీసుకొను కెమెరాలకు వాడిన వేడెక్కును. మా సంఘమునకు ఒక వర్తకుడు అట్టి పెట్టెనే పూర్తి రాగి యని తెచ్చెను. చాకుతో పోగును గీచి చూడగా లోపల తెల్లగా కనబడెను. పెట్టె వెనుకకు పోయినది. పరీక్ష ఇంతే. 305 మీటర్ల పెట్టెను చేత పట్టి చూచినను రాగిది బరువుగా తెలియును. బిల్లులో "పూర్తి రాగి" యని వ్రాయించుకొనుడు.

వేయు విధము: మరమగ్గముల మోటార్లకు పోవు కరెంటు తీగెలతో కలిపి ఒకే గొట్టములో వేయరాదు. అడుగు దూరమైనను ఉంచవలెను. దాటవలసి వచ్చిన అడ్డముగా దాటవలెను. ఎండ తగులు చోట బయటి వాడుకకు చేసిన నల్లతొడుగు తీగెనే కొనవలెను. ఒక భవనము నుండి మరియొక భవనమునకు లోహము లేని గాజుపోగు తీగె వేసిన, పిడుగుపాటు కరెంటు దాని వెంట యంత్రములకు పాకదు.

పని ముగిసిన పిమ్మట ప్రతి తీగెను పరీక్షాయంత్రముతో చూపించుకొని, ఆ తరువాతనే కడపటి సొమ్ము చెల్లించుడు. సంఘము సొమ్మనగా సభ్యుల వాటాధనము. మగ్గము మీద చెమటోడ్చి కూడబెట్టినది. నూలు కొనునపుడు చూపు జాగ్రత్తనే తీగె కొనునపుడును చూపవలెనని మనవి.