కుర్చీ మనది, సంతకం ఎవరిది?

పంచాయతీ ఎన్నికలొచ్చినప్పుడు వాడలో ఒక మాట వినిపిస్తుంది: "ఈసారి సర్పంచ్ ఎస్సీకి వచ్చింది." ఆ వెంటనే ఊళ్లో ఇంకో మాట మొదలవుతుంది: "ఎవర్ని నిలబెడదాం?" సీటు వాడకు వచ్చినా మనిషిని ఎంచే పని ఊరి పెద్దల చేతుల్లోనే ఉండిపోతోంది. ఇది ఒక్క పంచాయతీ సమస్య కాదు. పార్లమెంటు దాకా ఇదే వరస. అందుకే ఏ పదవి గురించైనా మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలంటాం: ఎంచింది ఎవరు? సంతకం ఎవరిది? జవాబు చెప్పాల్సింది ఎవరికి?

మొదటి ప్రశ్న వేళ్లు 1932లో ఉన్నాయి. ఆ ఏడాది కమ్యూనల్ అవార్డు అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. అంటే మన ప్రతినిధిని మన ఓటర్లే ఎన్నుకుంటారు. గాంధీ ఎరవాడ జైల్లో ఆమరణ నిరాహార దీక్షకు దిగారు. ఆ ఒత్తిడిలో సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. రాష్ట్రాల చట్టసభల్లో మన సీట్లు 148కి పెరిగాయి. కానీ ఓటు ఉమ్మడి అయింది. సంఖ్య పెరిగింది, పట్టు పోయింది. సరిగ్గా 50 ఏళ్లకు, 1982లో అదే తేదీన కాన్షీరాం 'ది చమ్చా ఏజ్' పుస్తకం తెచ్చింది ఈ సంగతి చెప్పడానికే.

ఇవాళ లోక్‌సభలో 84 ఎస్సీ స్థానాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175కు 29, తెలంగాణలో 119కు 19. టికెట్ ఇచ్చేది పార్టీ. గెలిచాక విప్ జారీ చేసేదీ పార్టీయే. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. ఫిరాయింపులను ఆపాల్సిందే, కాదనం. కానీ వాడకూ పార్టీకీ మధ్య పేచీ వచ్చినప్పుడు మన ఎమ్మెల్యే ఎటు నిలబడగలడు? ఇక శిఖరం సంగతి చూడండి. 1960లో దామోదరం సంజీవయ్య దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు, 1962లో దిగిపోయారు. ఆ తర్వాత తెలుగు నేల మీద మరో దళితుడికి ఆ కుర్చీ దక్కలేదు.

మళ్లీ ఊరికి వద్దాం. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో జనాభా మేరకు మనకు సీట్లు ఇచ్చింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం మాత్రం చెక్ పవర్‌ను సర్పంచ్‌కూ ఉప సర్పంచ్‌కూ ఉమ్మడిగా పెట్టింది. సర్పంచ్‌కు రిజర్వేషన్ ఉంది, ఉప సర్పంచ్‌కు లేదు. కుర్చీలో దళిత మహిళ కూర్చున్నా, పక్కనున్న పెద్దకులపాయన సంతకం పెట్టనిదే వీధిలైటు బిల్లు కూడా కదలదు.

అయితే రిజర్వేషన్ దండగని మనం అనం. అది లేకపోతే ఆ కుర్చీ దరిదాపులకు కూడా మనల్ని రానివ్వరు. వచ్చిన కుర్చీకి బలం ఇవ్వడమే మన పని. నామినేషన్‌కు ముందే వాడ కూర్చుని తన మనిషిని తానే ఎంచుకోవాలి. ఆ కూర్చోవడంలో ఆడవాళ్లూ, మనలోని చిన్న ఉపకులాలూ ఉండాలి. చదువుకున్న పిల్లలు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ చెల్లింపులు చూసి గ్రామసభలో లెక్క అడగాలి. పంచాయతీ పదవిలో ఉన్న ఎస్సీ, ఎస్టీలను బెదిరించి విధులు చేయనివ్వకపోవడం 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఎం) కింద నేరం. ఈ సంగతి ప్రతి దళిత సర్పంచ్‌కూ తెలియాలి.

జెండా ఎగరేసిన చెయ్యే చెక్కు మీదా సంతకం పెట్టాలి. ఆ చెయ్యి వాడకు లెక్క చెప్పాలి. నాయకత్వం అంటే మనకు అర్థం అదే.